పల్చటి బరోలో గురించి రామానికి

టురిన్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రామం,

నీ ఉత్తరం చదివి కాసేపు నవ్వుకున్నాను, ఆ తర్వాత నీ మీద జాలేసింది. బావమరిది మిలాన్ నుంచి మోసుకొచ్చిన ఇటలీ ఎర్ర వైన్ బరోలోను మే నెల రాత్రి స్నేహితులందరినీ పిలిచి మరీ తెరిచావు. గ్లాసులో పోస్తే నీళ్లు కలిపినట్టు పల్చటి ఎరుపు, అంచున ఇటుక రంగు. నోట్లో పోసుకోగానే చిగుళ్లు బిగుసుకుపోయాయి. "పాతబడిన సరుకు అంటగట్టారు, ఇంత డబ్బు పోసి వాణ్ణి మోసం చేశారు" అని రాశావు. కాస్త ఆగు. ఫోటోలో లేబుల్ చూశాను: బరోలో, సెర్రలుంగా దాల్బా అనే ఊరిది, 2019 కోత. నువ్వు చేసిన రెండు ఫిర్యాదులూ అది అసలైన సరుకేనని చెబుతున్నాయి. చిక్కగా, నల్లగా, నోట్లో వెన్నలా జారిపోయి ఉంటే నేనే అనుమానించేవాణ్ణి.

ముందు రంగు సంగతి. బరోలో మొత్తం నెబ్బియోలో అనే ఒక్క ద్రాక్షతోనే చేయాలి, నిబంధన అది. ఆ ద్రాక్ష తొక్కలో రంగునిచ్చే పదార్థాలు తొందరగా ఆక్సీకరణ చెంది వాడిపోయే రకానివి. ఇక్కడ సాయంత్రం పూట నేను వెళ్లే సొమెలియర్ (వైన్ నిపుణుల) తరగతిలో ఎర్ర వైన్ వయసుకు నాలుగు రంగులు చెబుతారు: ఊదా కలిసిన ఎరుపు, కెంపు, దానిమ్మ, చివరికి నారింజ. మిగతా ద్రాక్షలు ఏళ్లు గడిచాక చేరే దానిమ్మ రంగుకు నెబ్బియోలో పసితనంలోనే చేరుకుంటుంది. పైగా బరోలోను కోత తర్వాత కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాలో ఉంచనిదే అమ్మకూడదు. నీ 2019 సీసా 2023 జనవరికి ముందు ఏ దుకాణానికీ వచ్చి ఉండదు. ఇటుక రంగు అంచు చూసి ముసలిదనుకున్నావు గానీ, అది ఇంకా మీసాలు రాని కుర్రవాడు.

ఇక వగరు. టానిన్లు అని నువ్వు వినే ఉంటావు. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి, కొంత పీపా చెక్కలోంచి వచ్చే పదార్థాలు. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దగా చేస్తాయి, నోటి జారుడుతనం పోతుంది, దోసెడు నేరేడు పండ్లు తిన్నాక నాలుక ఎలా ఉంటుందో అలా అవుతుంది. నెబ్బియోలోలో ఈ వగరుతో పాటు పులుపు కూడా ఎక్కువే. తరగతిలో మొదట నేర్పేది ఈ రెండింటినీ విడదీయడం. వైన్ ఉమ్మేశాక నోరు మూసుకుని తల కొంచెం వంచు. దవడల పక్కనుంచి లాలాజలం ఎంత జోరుగా ఊరుతుందో అది పులుపు. పై చిగుళ్ల మీద నాలుక ఆడించినప్పుడు గరుకుగా తగిలేది వగరు. ఒకటి నీళ్లూరిస్తుంది, ఇంకొకటి ఎండబెడుతుంది. రెండూ ఒకేసారి వస్తే తెలియనివాళ్లు "చేదుగా ఉంది" అంటారు. మీవాళ్లలో ఎవరో ఒకరు ఆ మాట అనే ఉంటారు.

ఉమ్మడమేమిటి అని ముఖం చిట్లించకు. తరగతిలో బల్లకు ఒక బకెట్టు చొప్పున ఉంటుంది, అందరూ అందులోనే. ఎంగిలి పట్టింపు ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి, మొదట్లో నాకూ పొట్టలో తిప్పేది. కానీ వరసగా ఎన్నో గ్లాసులు చూడాల్సి వచ్చినప్పుడు మింగితే నాలుగో గ్లాసుకు అన్నీ అద్భుతంగానే అనిపిస్తాయి. అత్తరు పూసుకుని వచ్చిన వాణ్ణి మాత్రం మా మాస్టారు నిర్దాక్షిణ్యంగా చివరి బల్లకు పంపేస్తారు.

వగరు ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎలాంటి వగరు, ఎంతసేపు, అది తగ్గాక ఏం మిగులుతుంది? మంచి బరోలోలో వగరు నోరంతా సమానంగా, సన్నగా పరుచుకుంటుంది. కాసేపట్లో సడలి, దాని వెనక నుంచి పండు వాసన, పూల వాసన మళ్లీ తేలుతుంది. నాసిరకం దానిలో వగరు ఒకచోట గుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది, తర్వాత ఏమీ రాదు. కొత్త చెక్కలోంచి వచ్చిన వగరైతే పొడిగా పెదాల దగ్గర ఆగుతుంది. కళ్లు మూసుకుని ఆ "తర్వాత" కోసం ఎదురుచూడటమే ఈ విద్యలో ముప్పాతిక భాగం.

వాసనకు వస్తే, గ్లాసు తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి. నెబ్బియోలోకు అందరూ చెప్పే గుర్తు గులాబీ, తారు. మొదటిసారి విన్నప్పుడు ఇదేదో కవుల గొడవ అనుకున్నాను, కానీ ఎండిన గులాబీ రేకులూ, అప్పుడే వేసిన రోడ్డు మీది తారూ ఒకే గ్లాసులో నిజంగానే ఉంటాయి. వాటి చుట్టూ చెర్రీ, అతిమధురం, సోంపు. పదేళ్లు, పదిహేనేళ్లు దాటితే తోలు, తడి ఆకులు, పుట్టగొడుగు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది మూత బెరడులో పుట్టిన దోషం, దానికి ఏ వయసూ మందు కాదు.

వెనిల్లా, కాల్చిన కాఫీ గింజల వాసన గుప్పుమంటే అది చిన్న కొత్త పీపా చేసిన పని. దాని వెనక పెద్ద యుద్ధమే ఉంది. బరోలో పండే ఈ లాంగే కొండల్లో తాతల నాటి పద్ధతి వేల లీటర్లు పట్టే పెద్ద పీపాలు, వారాల తరబడి తొక్కతో నానబెట్టడం. అలా చేసినది తాగడానికి సిద్ధం కావాలంటే ఏళ్లు పట్టేది. 1980లలో కొందరు కుర్రాళ్లు ఫ్రెంచి పద్ధతిలో 225 లీటర్ల బారిక్ పీపాలు తెచ్చారు, నానబెట్టే కాలం తగ్గించారు. లా మోర్రాలో ఏలియో అల్తారే 1983లో తండ్రి పెద్ద పీపాలను గొలుసు రంపంతో కోసేశాడు, తండ్రి అతనికి ఆస్తి దక్కకుండా చేశాడు. అటువైపు బరోలో ఊళ్లో బార్తోలో మస్కరెల్లో తన సీసాల మీద "బారిక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని లేబుల్ రాసుకున్నాడు, బెర్లుస్కోనీ అంటే ఇక్కడి రాజకీయ నాయకుడు. ఇప్పుడు ఇరుపక్షాలూ మధ్యకు జరిగాయి, చాలామంది పెద్ద పీపాలకే తిరిగొచ్చారు. నా మొగ్గు ఎటో నీకు అర్థమయ్యే ఉంటుంది. చెక్క వాసన కొనుక్కోవాలంటే కలప దుకాణానికే వెళ్లవచ్చు. కానీ ఆ కుర్రాళ్ల వల్లే బయటి ప్రపంచం ఈ ఊళ్ల వైపు చూసింది, నేలమాళిగలు శుభ్రపడ్డాయి, అదీ ఒప్పుకోవాలి.

నీ సీసా సెర్రలుంగా నుంచి రావడం ఇంకో సంగతి. బరోలో పేరు పెట్టుకోగల ఊళ్లు పదకొండు. పడమటివైపు లా మోర్రా, బరోలో ఊళ్ల నేల కొంత మెత్తన, అక్కడి వైన్ త్వరగా మెత్తబడి పరిమళం పంచుతుంది. తూర్పున సెర్రలుంగా, మోన్‌ఫోర్తే నేల ఇంకా పాతది, గట్టిది, వైన్ కూడా అంతే, ఏళ్లకొద్దీ పిడికిలి విప్పదు. పైగా 2019 గట్టి ఒడ్డూపొడుగూ ఉన్న సంవత్సరం. 2018 వానల ఏడాది, ఆ వైన్ తేలిక. అది తెచ్చి ఉంటే మీవాళ్లు మెచ్చుకునేవారేమో. ఇక్కడ పరీక్ష కాగితం మీద చివరి గడిలో వైన్ దశ రాయాలి: పక్వానికి రానిది, కుర్రది, సిద్ధం, పండినది, ముసలిది. బాగుందా లేదా అన్నది వేరే గడి. ఈ రెండు గడులు విడిగా ఉండటం నాకు భలే నచ్చింది. నూటికి తొంభై నాలుగు అని ఒక్క అంకె వేసేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు, ఆ అంకె చూసి కొన్నవాడు నీలా ఆ రాత్రే తెరుస్తాడు.

నీ రాత్రి భోజనం గురించి కూడా ఒక మాట. హైదరాబాదులో మే నెల గది వేడిమికి 14 శాతం ఆల్కహాలు ముక్కులో మంటలా లేస్తుంది, పూల వాసనలన్నీ దాని కింద అణిగిపోతాయి. ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలన్నది చలి దేశపు రాతి ఇళ్లలో పుట్టిన మాట, 16 నుంచి 18 డిగ్రీలు దాని అర్థం. దాని పక్కన కారం దట్టించిన బిర్యానీ పెట్టావు. కారం ఆల్కహాలు మంటనూ, వగరునూ రెండింటినీ పెంచుతుంది. ఇక్కడివాళ్లు బరోలోలోనే గంటలకొద్దీ ఉడికించిన ఎద్దు మాంసంతోనో, గుడ్డు సొన ఎక్కువ వేసి చేసిన సన్నటి తజరిన్ పాస్తాతోనో, పాత జున్నుతోనో తాగుతారు. కొవ్వూ ప్రొటీనూ ఉంటే టానిన్లు నీ లాలాజలాన్ని వదిలి వాటిని పట్టుకుంటాయి. మన వంటల్లో నాకు తోచింది మరగ్. ఎముకల చారు, మెత్తటి మటన్, మిరియాల ఘాటు తగ్గించి. ఒకసారి ప్రయత్నించి చెప్పు.

బ్రునెల్లో, అమరోనే గురించి అడిగావు. క్లుప్తంగా చెబుతాను. బ్రునెల్లో మోంతల్చీనో కొండ మీద సాంజోవేజే ద్రాక్ష ఒక్కదానితోనే చేస్తారు, పులుపు జోరుగా ఉంటుంది, బరోలో కంటే కొంచెం ముందుగా లొంగుతుంది. అమరోనేకు ద్రాక్షను నెలల తరబడి ఆరబెట్టి పిండుతారు, బలంగా, చిక్కగా ఉంటుంది. మీ గుంపుకు తప్పకుండా నచ్చుతుంది, నాకు రెండో గ్లాసు పోదు. సస్సికాయా అనే ఇంకో ఇటలీ వైన్ కథ మాత్రం బాగుంటుంది: ఫ్రెంచి ద్రాక్ష కాబెర్నేతో చేసినందుకు చట్టం ప్రకారం దాని మీద "మామూలు బల్ల వైన్" అని రాసేవారు, ఆ లేబుల్‌తోనే 1972 సీసా 1978లో లండన్ రుచి పోటీలో ప్రపంచం నలుమూలల కాబెర్నేల మీద గెలిచింది.

డబ్బు పెట్టి నేర్చుకోవాలంటే బరోలోతో మొదలుపెట్టవద్దు. పక్కనే బార్బరెస్కో ఉంది, అదే నెబ్బియోలో, నిబంధన 26 నెలలే. ఆ ఊళ్లో 1958లో చర్చి ఫాదరు ఒకాయన పందొమ్మిది మంది రైతులను కూడగట్టి సహకార సంఘం పెట్టాడు, పేరు ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో. మంచి ఏడాదుల్లో తొమ్మిది తోటల ద్రాక్షను విడివిడిగా, ఒకే పద్ధతిలో చేసి సీసాలకెత్తుతారు. మంచి ఏడాది కాకపోతే అన్నీ కలిపేస్తారు. చేసే చెయ్యి ఒకటే కాబట్టి తేడా అంతా నేలదే. అజీలి, మోంతెస్తెఫనో తోటల వైన్లు రెండు గ్లాసుల్లో పక్కపక్కన పెట్టుకుంటే ఒకటి సుకుమారం, ఒకటి మొండితనం. ఆ రెండింటి మధ్య కూర్చున్న సాయంత్రం నాకు పుస్తకాలన్నింటికంటే ఎక్కువ నేర్పింది. నువ్వు అక్టోబరులో వస్తే అదే చేద్దాం, కోతల కాలం, కొండల మీద పొగమంచు, ఆల్బా పట్నంలో తెల్ల ట్రఫుల్స్ (నేలలో పెరిగే ఘాటు వాసన పుట్టగొడుగులు) సంత కూడా అప్పుడే.

ఇక తెరవకుండా మిగిలిన రెండో సీసా. అది వంటింటి అలమారాలో ఉందని రాశావు, ముందు అక్కడి నుంచి తియ్యి. ఫ్రిజ్ కింది అరలో అడ్డంగా పడుకోబెట్టు, కొన్ని నెలలకు భయం లేదు. పదేళ్లు ఆపగల వసతి నీ దగ్గర లేదు కాబట్టి డిసెంబరు చలిలో తెరిచెయ్యి. మధ్యాహ్నమే మూత తీసి వెడల్పాటి గాజు జగ్గులో పోసి ఉంచు, రాత్రికి కొంత సడలుతుంది. నలుగురికి మించి పిలవకు.

అన్నట్టు, పైనున్న రేకు మీద వేలు పెట్టి మూత పైకి ఉబికిందేమో చూడు, మెడ దగ్గర జిగురుగా కారిన జాడ ఉందేమో కూడా. ఉంటే వేడికి దెబ్బతిన్నట్టే, అప్పుడు డిసెంబరు దాకా ఆగి లాభం లేదు. మొదటి సీసాలో ఉడికించిన పండ్ల వాసన ఏమైనా వచ్చిందేమో వదినను అడుగు, మీ ఇంట్లో ముక్కున్న మనిషి ఆవిడే. రెండిటికీ జవాబు రాయి.

నీ
గోపాలం