వరద హెచ్చరిక చేరాలంటే టెండరులోనే రాయాలి

సంపాదకులకు,

ఆర్యా,

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తిన తర్వాత, కాల్వల మీద నీటిమట్టం కొలిచే సెన్సర్లు, వార్డుల్లో సైరన్లు కావాలని కోరేవారిలో నేనూ ఉన్నాను. అయితే సెన్సర్లు ఎన్ని, ధర ఎంత అన్నదానిపై ఉన్న శ్రద్ధ, సందేశం ఎలా చేరాలన్నదానిపై కనిపించదు.

పరికరాల మధ్య సందేశాలు చేరవేయడానికి, ఇటువంటి పనుల్లో విరివిగా వాడే ఎంక్యూటీటీ (MQTT) పద్ధతి 1999లో చమురు పైపులైన్ల పర్యవేక్షణ కోసం పుట్టింది. ఇందులో సెన్సర్ తన సందేశాన్ని ఒక టాపిక్ పేరుతో బ్రోకర్ అనే సర్వర్‌కు అందజేస్తే, ఆ టాపిక్ కోరుకున్న పరికరాలన్నింటికీ బ్రోకరే పంచుతుంది. చేరవేతకు మూడు స్థాయిలున్నాయి. 0లో ఒకసారి పంపి ఊరుకుంటారు, పోతే పోయినట్టే. 1లో అందినట్టు జవాబు రావాలి, రాకపోతే మళ్లీ పంపుతారు కాబట్టి ఒకే సందేశం రెండుసార్లు రావచ్చు. 2లో ఒక్కసారే చేరుతుంది కానీ రానుపోను సంప్రదింపులు పెరుగుతాయి.

నిమిషానికోసారి వచ్చే నీటిమట్టానికి 0 చాలు. ప్రమాద హెచ్చరికకు 1 ఉండి తీరాలి. సైరన్ రెండుసార్లు మోగితే వచ్చిన నష్టమేమీ లేదు. కాల్వ గేటును దూరం నుంచి నడిపే ఆదేశం అలా కాదు. ‘ఇంకో అడుగు ఎత్తు’ అన్న ఆదేశం రెండుసార్లు చేరితే గేటు రెండడుగులు లేస్తుంది. ‘గేటును ఐదడుగుల దగ్గర ఉంచు’ అని ఆదేశాన్నే మార్చి రాస్తే ఎన్నిసార్లు చేరినా ఫలితం ఒక్కటే. 2వ స్థాయి మీద భారం వేయడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం.

అసలు చిక్కు వేరే ఉంది. హెచ్చరికను 1వ స్థాయిలో పంపినా, సైరన్ పరికరం ఆ టాపిక్‌ను 0తో కోరుకుని ఉంటే దానికి చేరేది 0వ స్థాయిలోనే. పంపిన సెన్సర్‌కు మాత్రం బ్రోకర్ నుంచి జవాబు వచ్చేస్తుంది. అది బ్రోకర్‌కు అందినట్టే తప్ప సైరన్‌కు అందినట్టు కాదు. పైగా తెగిన ప్రతిసారీ పాత సెషన్‌ను (ఆ పరికరం కోసం బ్రోకర్ ఉంచుకున్న వివరాలను) తుడిచేసేలా పరికరాన్ని అమర్చి ఉంటే, కరెంటు పోయి అది ఆగి ఉన్న సమయంలో వచ్చిన హెచ్చరికలను బ్రోకర్ దాని కోసం దాచదు. (అమ్మేవారు చూపించే డెమోలో కరెంటు ఎన్నడూ పోదు!) దాచమని చెప్పి, గడువు పెట్టడం మరిచిపోతే ఇంకో తంటా: రాత్రి ఇచ్చిన హెచ్చరికకు సైరన్ మర్నాడు కరెంటు వచ్చాక మోగుతుంది. 2019లో ప్రమాణంగా వెలువడిన ఎంక్యూటీటీ 5వ వెర్షన్‌లో సందేశానికి గడువు పెట్టే వీలుంది.

కాబట్టి నగరపాలక సంస్థ, జలవనరుల శాఖ ఇకపై పిలిచే టెండర్లలో ఒక్కో టాపిక్‌కు పంపేవైపూ అందుకునేవైపూ స్థాయి ఎంత, పరికరం ఆగి ఉంటే సందేశాన్ని దాచాలా, ఎంతసేపు దాచాలి అన్నవి విడిగా రాయించాలని కోరుతున్నాను. బిల్లు చెల్లించే ముందు ఒక సైరన్‌కు అరగంట నెట్ తీసేసి, ఆలోగా ఒక హెచ్చరిక పంపి, నెట్ తిరిగి ఇచ్చాక ఏం జరుగుతుందో ఇంజినీర్లు దగ్గరుండి చూడాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సింగ్‌నగర్, విజయవాడ