స్కాట్లాండ్‌లో నన్ను కూడా అడిగారు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో స్కాట్లాండ్ రెఫరెండం మీద, అంటే బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని 2014లో జనాన్ని అడిగిన ఓటు మీద, వచ్చిన వ్యాసాన్ని మా తమ్ముడు ఫోన్లో ఫొటో తీసి పంపాడు, "అక్కా, మీ ఊరి సంగతి రాశారు చూడు" అని. మాది మిర్యాలగూడ. 2011 నుంచి గ్లాస్గోలో ఉంటున్నాం కాబట్టి వాడి లెక్కలో ఇప్పుడు మా ఊరు ఇదన్నమాట. చరిత్ర భాగం బాగుంది. 1707లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ పార్లమెంట్లు రెండూ ఎలా ఒకటయ్యాయో, అయినా స్కాట్లాండ్ తన కోర్టుల్ని, చర్చిని, బడుల్ని ఎలా విడిగా ఉంచుకుందో, పద్నాలుగేళ్లు పైబడి ఇక్కడున్న నాకే కొన్ని కొత్తగా తెలిశాయి. కానీ చివర్లో మీ వ్యాసకర్త ఒక మాట అన్నారు, 2014లో స్కాట్ జాతి తన స్వాతంత్ర్యాన్ని తానే వద్దనుకుంది, తెలంగాణ కొట్లాడి తెచ్చుకుంటే వీళ్లు పెన్షన్లకు భయపడి వెనక్కి తగ్గారు అని. అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

వద్దన్నది స్కాట్ జాతి ఒక్కటే కాదండీ. వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను. వచ్చి అప్పటికి మూడేళ్లు, చేతిలో భారత పాస్‌పోర్టు, దాని మీద ఒక డిపెండెంట్ వీసా, అంతకు మించి ఈ నేలతో ఏ చుట్టరికమూ లేదు. ఈ సంగతి మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఓటు ఎవరికి అన్నదానికి వీళ్లు పెట్టుకున్న రూలు చూడండి. స్కాట్లాండ్‌లో కాపురం ఉండాలి, పదహారేళ్లు నిండాలి, బ్రిటిష్ పౌరులో ఐర్లండ్ వాళ్లో యూరోపియన్ యూనియన్ దేశాల వాళ్లో, లేదంటే వీసా ఉన్న కామన్వెల్త్ దేశాల వాళ్లో అయ్యుండాలి. మనం కామన్వెల్త్‌లో ఉన్నాం కదా, అంతే, ఓటొచ్చేసింది. ఎక్కడ పుట్టావు, ఇంటిపేరేమిటి, తాత ఎవరు, ఏమీ అడగలేదు. అదే ఎడింబరోలో పుట్టి పెరిగి, ఉద్యోగానికి లండన్ వెళ్లినవాడికి ఓటు లేదు. జేమ్స్ బాండ్ వేషం కట్టిన షాన్ కానరీ ఎడింబరోలో పుట్టినవాడే, స్వాతంత్ర్యం కావాలని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినవాడే, కానీ మకాం బహమాస్‌లో కాబట్టి ఆయనకీ లేదు. మిర్యాలగూడ ఆడపడుచుకి ఉంది!

నేనైతే మొదట నమ్మలేదు. ఓటర్ల లిస్టు ఫారం ఇంటికొస్తే మనకెందుకులే అని ఫ్రిజ్ మీద పడేశాను. పక్కింటావిడ చూసి, పూర్తి చేయకపోతే ఎలా, నువ్వూ ఇక్కడే ఉంటున్నావు కదా అంది. ఆ "ఇక్కడే ఉంటున్నావు కదా" అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది, ఎందుకంటే సరిగ్గా ఆ ఏడాదే మా సొంత రాష్ట్రం రెండయింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లును తిప్పికొట్టింది జనవరి 30న, లోక్‌సభలో అది పాసయింది ఫిబ్రవరి 18న, టీవీ ప్రసారం ఆపేసి. మేం ఇక్కడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏం జరుగుతోందో తెలియక తెగ టెన్షన్ పడ్డాం. నేను తెలంగాణ కావాలనుకున్నదాన్నే, అపార్థం చేసుకోకండి, వచ్చినందుకు సంతోషించినదాన్నే. కానీ కావాలా వద్దా అని నన్నుగానీ మా నాన్ననుగానీ కాగితం మీద ఎవరూ అడగలేదు. ఏప్రిల్ 30న అక్కడ ఎన్నికలు జరిగితే పోలింగ్ బూత్‌కి స్వయంగా వెళ్తేనే ఓటు, టికెట్ డబ్బులెక్కడివి? అదే ఏడు సెప్టెంబర్‌లో మాత్రం మూడు వందల ఏళ్ల పొత్తు ఉంచాలా తెంచాలా చెప్పు తల్లీ అని ఇక్కడివాళ్లు నాకు పెన్సిల్ ఇచ్చారు.

ఆ నెలల్లో మా ఇంట్లో గొడవలు మామూలుగా లేవు. మా ఆయన ఎస్, అంటే స్వాతంత్ర్యం కావాలి. ఆయన చదువయ్యేసరికి, 2012 ఏప్రిల్‌లో, చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే పోస్ట్ స్టడీ వర్క్ వీసా తీసేశారు, స్పాన్సర్ కోసం ఎన్ని కంపెనీల చుట్టూ తిరిగారో నాకు తెలుసు. స్వాతంత్ర్యం వస్తే ఆ వీసా మళ్లీ తెస్తామని స్కాట్లాండ్ ప్రభుత్వం 2013 నవంబర్‌లో వేసిన వైట్ పేపర్లో రాసింది. ఆ లావుపాటి పుస్తకంలో ఆయన చదివింది ఆ ఒక్క పేజీనే అని నా అనుమానం. నేను నో, వద్దు. కొత్త దేశమొస్తే మన వీసా ఏ దేశం కిందికొస్తుంది, పౌండు ఉంటుందా ఉండదా, కడుపు కట్టుకుని దాచిన నాలుగు డబ్బులు ఏమవుతాయి, ఇవీ నా ప్రశ్నలు. పౌండు పంచుకోవడం కుదరదని అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి ఆస్బోర్న్ ఫిబ్రవరిలోనే తెగేసి చెప్పాడు. స్వాతంత్ర్యం వాళ్ల దగ్గర దానికి నాకు నచ్చిన జవాబు లేదు. పైగా కలిసుంటేనే యూరోపియన్ యూనియన్‌లో ఉంటాం, విడిపోతే బయట పడతాం అని నో వాళ్లు గట్టిగా చెప్పారు. నేను నమ్మాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

పెన్షన్ భయం ఉందా అంటే ఉంది, మీ వ్యాసకర్త ఉత్తినే అనలేదు. నేను అప్పట్లో ఒక కేర్ హోమ్‌లో పని చేసేదాన్ని. అక్కడ ఎనభై ఎనిమిదేళ్ల ముసలావిడ ఒకావిడ ఉండేది, భర్త క్లైడ్ నది ఒడ్డున ఓడల యార్డులో చేసి పోయాడు. నన్ను "హెన్" అని పిలిచేది. హెన్ అంటే కోడిపెట్ట, నాకు మొదట్లో కోపమొచ్చింది, మన "అమ్మలూ, తల్లీ" లాంటి పిలుపని తర్వాత తెలిసింది. ఆవిడ నో, పోస్టులో పంపేసింది. ప్రతి ఆదివారం చూడ్డానికి వచ్చే మునిమనవడికి పదహారేళ్లు, బడి కోటు మీద పెద్ద ఎస్ బ్యాడ్జీ. వాళ్లిద్దరూ బిస్కెట్లు తింటూ అరుచుకునేవారు, నేను టీ పోస్తూ వినేదాన్ని. నీకు పింఛను వచ్చే వయసొచ్చాక మాట్లాడు అని ఆవిడ, నువ్వు పోయాక ఇక్కడ బతకాల్సింది నేను అని వాడు. మొహం మీదే! నేను కొంచెం కంగారు పడ్డాను గానీ ఆవిడ నవ్వింది. ఫలితం వచ్చిన శుక్రవారం పొద్దున నేను డ్యూటీకి వెళ్లేసరికి టీ చల్లారిపోయి ఉంది, ఆవిడ కిటికీలోకి చూస్తోంది. గెలిచారుగా అన్నాను. గెలిచాను హెన్, వాడు ఫోన్ ఎత్తట్లేదు అంది.

సెప్టెంబర్ 18, గురువారం. మా వీధి చివరి బడిలో పోలింగ్. గేటు దగ్గర ఎస్ బ్యాడ్జీ అబ్బాయి, "నో థాంక్స్" స్టిక్కర్ ఆవిడ ఒకే గోడకి ఆనుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. లోపల టేబుల్ దగ్గర పేరు, అడ్రసు చెప్పమన్నారు. కార్డేదీ అడగలేదు. అలవాటు కొద్దీ నేను ఎడమ చెయ్యి చాపాను, ఇంకు చుక్క పెడతారని. ఆవిడకి అర్థం కాలేదు, చెయ్యి కలిపింది. బ్యాలెట్ మీద ప్రశ్న ఇంగ్లిషులో ఆరే ఆరు మాటలు, స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా అని. మొదట "అని మీరు ఒప్పుకుంటారా" అన్నట్టు రాశారట, అలా అడిగితే జనం తలూపేలా ఉంటుందని ఎన్నికల కమిషన్ మార్పించింది. ఇంత చిన్న మాట మీద కూడా పట్టుబట్టినందుకు నాకు ముచ్చటేసింది. తాడుకి కట్టిన పెన్సిల్‌తో నో ఎదురుగా ఇంటూ మార్కు పెట్టి వచ్చేశాను. రాత్రంతా నిద్ర లేదు.

అంకెలు మీరు వేశారు, అవి సరైనవే, నో 20,01,926, ఎస్ 16,17,989, పోలింగ్ 84.6 శాతం. ముప్ఫై రెండు ప్రాంతాల్లో ఎస్ గెలిచింది నాలుగే, అందులో మా గ్లాస్గో ఒకటి. మీరు వేయనిది ఒకటుంది. తర్వాత యూనివర్సిటీ వాళ్లు చేసిన సర్వేలో స్కాట్లాండ్‌లో పుట్టినవాళ్లలో సగం మించి ఎస్ అన్నారని తేలింది. ఇంగ్లండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా నో. నాలాంటి విదేశీయుల్లోనూ ఎక్కువ మంది నో. అది పేపర్లో చదివిన రోజు అన్నం సయించలేదు నాకు. పరాయింటి పెళ్లిలో పీటల మీద కూర్చున్నట్టు అనిపించింది.

అలాంటప్పుడు ఇంకో చోటయితే ఏమవుతుందో తెలుసు కదా. కెనడాలో క్యూబెక్ 1995 అక్టోబర్ 30న ఇదే ప్రశ్న వేసుకుంది, 50.58 శాతానికి 49.42, వెంట్రుకవాసిలో పోయింది. ఆ రాత్రే అక్కడి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, పారిజో మైకు ముందు నిలబడి, మమ్మల్ని ఓడించింది డబ్బూ, వేరే జాతుల ఓట్లూ అనేశాడు. మర్నాడు రాజీనామా ప్రకటించాడు, కానీ ఆ మాట ఇప్పటికీ పోలేదు. ఇక్కడ అలాంటి పదవిలోనే ఉన్న ఫస్ట్ మినిస్టర్, స్వాతంత్ర్యం పార్టీ నాయకుడు సాల్మండ్ కూడా మర్నాడే దిగిపోతున్నానన్నాడు, కానీ బయటివాళ్లు ముంచారని అనలేదు. నెట్‌లో తిట్టినవాళ్లు లేరా, బోలెడుమంది. అయినా ఆయన పార్టీ దారి మార్చుకోలేదు. పార్లమెంటులో ఉర్దూలో కూడా ప్రమాణం చేసిన హమ్జా యూసఫ్ 2023లో అదే పార్టీ తరఫున ఫస్ట్ మినిస్టర్ అయ్యాడు. జాతి అన్న మాటకి ఇక్కడ అర్థం ఒంట్లో రక్తం కాదు, కరెంటు బిల్లు ఏ అడ్రసుకి వస్తుందన్నది.

ఉంటున్నచోట ఓటుండడం ఎంత మామూలుగా కనిపిస్తుందో, అది పోతే ఎలా ఉంటుందో మా కేర్ హోమ్‌లోనే చూశాను. నాతో పని చేసే పోలండ్ అమ్మాయి 2014లో ఓటేసింది. 2016 జూన్ 23న బ్రెగ్జిట్ ఓటుకి, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా పోవాలా అన్న ఓటుకి, రూలు మారింది, యూరప్ వాళ్లకి, మూడు దేశాలు తప్ప, ఓటు లేదు. కామన్వెల్త్ కాబట్టి నాకుంది. అదే ఇల్లు, అదే డ్యూటీ, అదే జీతం, ఎవరి బతుకు గురించి ఓటు జరుగుతోందో ఆ పిల్లకే లేదు. ఆ రోజు తను డబుల్ షిఫ్ట్ చేసింది, నేను మధ్యలో వెళ్లి ఓటేసి వచ్చాను, ఏం మాట్లాడాలో తెలియలేదు. స్కాట్లాండ్ 62 శాతం యూరప్‌లో ఉందామంది, ముప్ఫై రెండు ప్రాంతాల్లో ఒక్కటి కూడా బయటికి పోదామనలేదు, అయినా పోవాల్సి వచ్చింది. కలిసుంటేనే యూరప్ అని 2014లో నాకు చెప్పినవాళ్లని మా ఆయన ఇప్పటికీ పేరు పేరునా గుర్తు చేస్తుంటారు, నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.

ఇక తెలంగాణ పోలిక. తెలంగాణ దేశం విడిచి పోలేదు, ఇంకో రాష్ట్రమైంది, అది రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు చేసే పని, అందులో రెఫరెండం మాటే లేదు. మన దేశంలో అలా అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, 1967 జనవరిలో మహారాష్ట్రలో కలుస్తారా అని గోవా వాళ్లని అడిగితే వద్దన్నారు. మనల్ని 1956లో అడగలేదు, 2014లో అడగలేదు. రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ అయితే, తెలంగాణను విడిగానే ఉంచి 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి సభలో మూడింట రెండొంతులు ఒప్పుకుంటేనే కలపమంది, ఆ మాత్రం ఆగలేదు. ఎవరు లోకల్ అన్నది మనకి ముల్కీ రోజుల నుంచీ ఉన్న పంచాయితీ, మా చెల్లి కౌన్సెలింగ్‌కి బోనఫైడ్ సర్టిఫికెట్ల కట్ట పట్టుకుని తిరగడం నాకు తెలుసు. అది ఉద్యోగాల, సీట్ల గొడవ, దాని వెనక న్యాయమైన బాధ ఉంది, ఇక్కడి దానితో తూకం వేయలేం. కాబట్టి వాళ్లు ధైర్యవంతులు వీళ్లు పిరికివాళ్లు అని తీర్పులివ్వకండి. పిరికివాళ్లయితే ఎనిమిది నెలల్లో 59 పార్లమెంటు సీట్లలో 56 స్వాతంత్ర్యం పార్టీకి ఎందుకిస్తారు? ఇంకోసారి ఓటు పెట్టుకుందామంటే లండన్ ఒప్పుకోకుండా కుదరదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆగింది గానీ, మా బస్‌స్టాప్‌లో ఆ వాదన ఇంకా ఆగలేదు.

మళ్లీ అడిగితే నువ్వేం వేస్తావని తమ్ముడు అడిగాడు. చెప్పను. మా అమ్మాయి ఇక్కడే 2012లో పుట్టింది, 2028కి పదహారు నిండుతాయి, దాన్ని అడగమన్నాను.

ఆఖరిగా ఒక చిన్న సవరణ. వ్యాసంలో మూడు చోట్ల "ఇంగ్లండ్ ప్రధాని" అని పడింది. బ్రిటన్ ప్రధాని అండీ. మా అమ్మ కూడా ఇప్పటికీ అందరికీ మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంది అనే చెబుతుంది, ఆవిడకి చెప్పీ చెప్పీ మానేశాను. మీరు మాత్రం మార్చండి. ఢిల్లీలో మనల్ని మద్రాసీ అంటే ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గ్లాస్గో