తలకిందులుగా నడిచే దారి

ప్రియ మిత్రమా,

రెండు నెలలుగా జవాబు రాయనందుకు నీవు దాచుకున్న తిట్లన్నీ కలిసినప్పుడు తీరికగా తిట్టవచ్చు. ఇంట్లో అందరమూ కులాసా, నా మోకాలినొప్పి తగ్గింది. ఇక అసలు సంగతి.

మొన్న ఉదయం నడకకని బయలుదేరి, బాట పక్కన ఒక పేడపురుగును చూస్తూ గంటసేపు గొంతుకూర్చుని ఉండిపోయాను. అది తల అంచున రంపపు పళ్లలా ఉన్న కొనలతో పేడను గీరి, కాళ్లతో తట్టి తట్టి, తనకన్నా పెద్ద ఉండను చేసింది. తరువాత ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనుకకాళ్లు ఉండకు తన్నిపెట్టి, తలకిందులుగా వెనక్కి నడుస్తూ దానిని దొర్లించసాగింది. దారిలో గడ్డిదుబ్బు తగిలి ఉండతో సహా వెల్లకిలా పడింది. లేచి ఉండపైకి ఎక్కి, అక్కడే గుండ్రంగా తిరిగి, దిగి, మళ్లీ మునుపటి దిక్కుకే తోసింది!

ఆ ప్రదక్షిణం దిక్కు సరిచూసుకోవడానికట. పేడకుప్ప దగ్గర ఉండలు కాజేసే తోటి పురుగులు చాలా ఉంటాయి కనుక, వీలైనంత త్వరగా తిన్నగా దూరం పోవాలి. అందుకు పగలు సూర్యుడే గుర్తు. (నీ గొడుగు సంగతి ఇక్కడ ఎత్తవద్దు, అది నేను అరువు తీసుకున్నాను.) రాత్రి తిరిగే ఒక జాతికైతే పాలపుంతే దారి చూపుతుందని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ డాకె బృందం 2013లో ప్రకటించింది. దక్షిణాఫ్రికాలో వాళ్లు ఆ పురుగుల నెత్తిన చిన్న అట్టటోపీలు పెట్టి ఆకాశం కనబడకుండా చేస్తే, అవి దారితప్పి వంకరటింకరగా తిరిగాయి. చేతిలో పటం ఉండగానే మమ్మల్ని మూడుసార్లు అదే బండరాయి దగ్గరకు తెచ్చిన మహానుభావుడివి, నీకు ఏ టోపీ పెట్టారో!

అయితే ఒక విషయం చదివాక మనసు చివుక్కుమంది. నేలలో పాతిన కొన్ని ఉండల్లో తల్లి ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు ఆ ఉండనే లోపలినుంచి తింటూ పెరిగి, అందులోనే రూపు మార్చుకుని, రెక్కల పురుగై బయటకు వస్తుంది. చిన్నప్పుడు మనం తవ్వి తీసి, కర్రతో పగలగొట్టిన ఉండల్లో ఎన్ని... సరే, పోనీ.

నేను చూసిన పురుగు చివరకు మెత్తని చోట ఆగి, ఉండ కిందికి దూరి మట్టిని పక్కలకు తోడసాగింది. ఎవరూ ముట్టకుండానే ఉండ కొద్దికొద్దిగా నేలలోకి దిగిపోతూ ఉంటే, నేను ఊపిరి బిగబట్టి... అయ్యో, టపా తీసే వేళయింది, ఉంటాను.

నీ,
గొడుగు దొంగ