హై ఓలిక్ నూనె ప్రస్తుతానికి ఎందుకు లేదంటే

మా హై ఓలిక్ పొద్దుతిరుగుడు నూనె, అంటే ఓలిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువున్న రకం, వాడేవాళ్లకు ఈ మాట. తాజా బ్యాచ్ అమ్మకం ఆపేశాం. నూనె చెడిపోలేదు. డబ్బా మీద రాసిన రకం లోపల లేదు, అంతే.

గింజలు హై ఓలిక్ రకమేనని సరఫరాదారు సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆడించాక ఎప్పటిలాగే ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీతో, అంటే నూనె ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో కొలిచే మిషన్‌తో, చూశాం. ఒక్క చుక్క వేస్తే కాసేపట్లో గ్రాఫ్ వస్తుంది. ఓలిక్ ఎక్కువున్న నూనెకు గ్రాఫ్‌లో 3006 వేవ్‌నంబర్ (కాంతి తరంగాల కొలత) దగ్గర చిన్న పీక్ కనబడాలి. ఈసారి అది 3009 వైపు జరిగింది, ఎత్తు కూడా పెరిగింది. లినోలిక్ అనే ఇంకో కొవ్వు ఆమ్లం ఎక్కువైతే అలా జరుగుతుంది. ఓలిక్‌లో జంట బంధం ఒకటే, లినోలిక్‌లో రెండు. మిషన్ లెక్కలో ఓలిక్ 61 శాతం. ముందే విశ్లేషించిన శాంపిళ్లతో నేర్పినంతవరకే దాని లెక్క సాగుతుంది కాబట్టి, కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష కోసం బయటి ల్యాబ్‌కూ పంపాం. వాళ్లూ ఇంచుమించు అదే చెప్పారు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలో హై ఓలిక్ అంటే కనీసం 75 శాతం.

“అదీ పొద్దుతిరుగుడే కదండీ, ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు సరఫరాదారు. నిజమే, రంగు అదే, వాసన అదే, నాలుకకూ తేడా తెలియదు. నాకు మండింది అక్కడే. ఇన్నేళ్లుగా అతని దగ్గరే కొన్నాం. “చూసి చెబుతా” అని మాటవరసకైనా అనలేదు. ఇప్పుడు ఫోన్లు చేస్తున్నాడు, నేను ఎత్తడం లేదు.

అసలు టెన్షన్ ఆ నూనెను ఏం చెయ్యాలన్నదే. మిడ్ ఓలిక్ అని మధ్య రకం ఒకటుంది, లేబుల్ మార్చి అమ్మెయ్యమని ఇంట్లోవాళ్లు, లెక్కలు చూసే అబ్బాయి పోరు పెట్టారు. అందులో తప్పేమీ లేదు. అయినా మనసొప్పలేదు. లినోలిక్ వేడికి, గాలికి త్వరగా పాడవుతుంది, వేయించడానికి హై ఓలిక్ అడిగి కొనేది అందుకే. అదే డబ్బాలో ఇంకో రకం పెడితే లేబుల్ చదివేదెవరు? మొత్తం సబ్బుల తయారీకి ఇచ్చేశాం. నష్టం గట్టిగానే వచ్చింది. మొండితనం అనుకోండి.

ఈ బ్యాచ్ కొన్నవాళ్లు మూత తీసిన డబ్బా అయినా తెచ్చివ్వండి, డబ్బు తిరిగిస్తాం. కొత్త సరఫరాదారు గింజలు లారీ నుంచి దించకముందే గుప్పెడు ఆడించి గ్రాఫ్ చూస్తాం. మామూలు పొద్దుతిరుగుడు నూనె ఎప్పటిలాగే ఉంది.