తవ్వినందుకు కట్టాల్సిన డబ్బుకి సేవ అని పేరెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం గనుల కంపెనీల సామాజిక బాధ్యత మీద మీరు పేజీ నిండా వేసింది చదివాక, ఎవరైనా జవాబు రాస్తారేమో అని నాలుగు రోజులు చూశా, ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నా. స్కూలు బెంచీలు, మెడికల్ క్యాంపు, నీళ్ళ ట్యాంకర్, నిర్వాసితుల ఇళ్ళు, డీఎంఎఫ్ (జిల్లా ఖనిజ నిధి) డబ్బుతో వేసిన రోడ్డు అన్నీ తీసుకొచ్చి సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) అని ఒకటే పేరు పెట్టేశారు. రిటైరయ్యేదాకా లెక్కలు రాసుకుంటూ బతికినవాడిని నేను, ఒక పద్దు తీసుకెళ్ళి ఇంకో పద్దులో కలిపేస్తే చూస్తూ ఊరుకోలేను.

సీఎస్ఆర్ అంటే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు పెట్టాల్సిన ఖర్చు, అంతకుముందు 3 ఏళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం. ఇది లాభాన్ని బట్టి ఉంటుంది. డీఎంఎఫ్ అలా కాదు, లాభమొచ్చినా నష్టమొచ్చినా ఖనిజం బయటికి తీస్తే కట్టాల్సిందే. 2015లో గనుల చట్టం సవరించి పెట్టారు దాన్ని, ఖనిజం తీసినందుకు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ కాకుండా, పాత లీజులకి ఆ రాయల్టీ మీద 30 శాతం, వేలంలో వచ్చిన లీజులకి 10 శాతం చొప్పున అదనంగా జిల్లా ట్రస్టుకి జమ కావాలి. గనుల వల్ల దెబ్బతిన్న వాళ్ళ కోసం చట్టం వసూలు చేసిపెట్టిన డబ్బు అది, ఆ డబ్బుతో వేసిన రోడ్డు మీద కంపెనీ బోర్డు ఎట్లా పెడతారు, పెడితే పెట్టారు, మీరు ఫొటో ఎట్లా వేస్తారు?

ఇంకోటి కూడా చెప్పాలి. వేరే ఏ చట్టం కింద అయినా చెయ్యక తప్పని పనుల్ని సీఎస్ఆర్ ఖర్చులో చూపించకూడదని 2021లో మార్చిన రూల్స్‌లోనే స్పష్టంగా ఉంది. భూమి పోయిన వాళ్ళకి పునరావాసం చట్టప్రకారం వాళ్ళ హక్కు. పర్యావరణ అనుమతి షరతుల్లో రాసిన పనులు కూడా చేసి తీరాల్సినవే. గని లోతుకి వెళ్ళేకొద్దీ పంపులు పెట్టి నీళ్ళు తోడేస్తారు, చుట్టుపక్కల భూగర్భజలం పడిపోతుంది, బావులు ఎండిపోతాయి, అప్పుడు ట్యాంకర్ పంపిస్తే అది బాకీ తీర్చడం అవుతుంది గానీ దాతృత్వం ఎట్లా అవుతుందండీ? ట్యాంకర్ పక్కన నిలబడి అధికారులు చప్పట్లు కొట్టడం చూస్తే ఒళ్ళు మండిపోయింది నాకు.

1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ఏరియాల్లో, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఆదివాసీ ప్రాంతాల్లో, తవ్వకాల గురించి చెప్తూ నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలంది. 20 శాతం! ఆ మాట గుర్తున్న వాళ్ళు ఎవరూ ఇవాళ 2 శాతాన్ని చూసి ఇంత పొగడరు.

అసలు ఖర్చు ఎంత పెట్టారన్నదే బాధ్యతకి కొలత అనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది. బ్రెజిల్‌లో బ్రుమాజీన్యో దగ్గర 2019 జనవరి 25న వాలే కంపెనీ గని వ్యర్థాల డ్యామ్ తెగి 270 మంది చనిపోయారు, కంపెనీ ఆఫీసు, క్యాంటీన్ కూడా ఆ డ్యామ్ కిందే ఉన్నాయి, భోజనానికి కూర్చున్న కార్మికులు బురదలో కలిసిపోయారు. ఆ డ్యామ్ స్థిరంగా ఉందని సర్టిఫికెట్ కూడా ఉంది. ఆస్ట్రేలియాలో 2020 మే నెలలో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం జూకన్ గోర్జ్‌లో 46 వేల ఏళ్ళనాటి మానవ నివాసపు ఆనవాళ్ళున్న గుహలు పేల్చేసింది, దానికి ప్రభుత్వ పర్మిషన్ ఉంది, ఆ నేల వాళ్ళదైన ఆదివాసులు వద్దని మొత్తుకున్నా ఆగలేదు. అలాంటి చోట ఎన్ని బడులు కట్టిస్తే సరిపోతుంది చెప్పండి.

అలాగని అన్నిచోట్లా ఇంతే అనను. అలాస్కాలో రెడ్ డాగ్ జింక్ గని ఉంది, ఆ నేల స్థానిక ఇనుపియాట్ ప్రజల కార్పొరేషన్‌ది. తవ్వకం మొదలవడానికి ఏళ్ళ ముందే 1982లో ఒప్పందం రాసుకున్నారు, ఉద్యోగాలు, ఆదాయంలో వాటా అన్నీ అందులోనే తేల్చుకున్నారు. వాళ్ళు వేటాడి బతికే కారిబూ జింకల మందలు దారి దాటే టైంలో ఖనిజం లారీలు ఆపుతారు, అందుకోసం స్థానిక పెద్దలతో కమిటీ కూడా ఉంది. అడిగే హక్కు ముందే చేతిలో ఉంటే ఇట్లా ఉంటుంది పని. మన దగ్గర గనికి అనుమతి ఇచ్చే ముందు తయారుచేసే పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ చెప్తోంది, ఆ సారాంశం జనం చదివి అర్థం చేసుకునేలా ఉందా అని చూసే ఆఫీసర్ ఒక్కడు కనపడడు, సంతకాలు తీసుకున్నామా ఫైలు కదిలిందా అంతే, ఏ ఆఫీసుకెళ్ళినా ఇదే వరస అయిపోయింది.

మీ పేపర్ని నేను చాలా ఏళ్ళుగా చదువుతున్నా, ఒకప్పుడు ప్రెస్ నోట్ వస్తే రిపోర్టర్ వెళ్ళి చూసొచ్చి రాసేవాడు. మళ్ళీ ఇలాంటి పేజీ వేసేటప్పుడు దయచేసి మూడు లెక్కలు విడివిడిగా వెయ్యండి, కంపెనీ తన సీఎస్ఆర్ కింద పెట్టింది ఎంత, డీఎంఎఫ్‌కి కట్టింది ఎంత, ఆ డీఎంఎఫ్‌లో ఖర్చు కాకుండా మూలుగుతున్నది ఎంత అని. కంపెనీల వార్షిక నివేదికలో సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది, డీఎంఎఫ్ ట్రస్టు కూడా ఏటా రిపోర్టు ఇవ్వాలి. మీ రిపోర్టర్లకి టైం లేదంటే ఆ కాగితాలు నాకు పంపండి, నేనే కూర్చుని పద్దులు విడదీసి ఇస్తా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు