వార్షిక నివేదిక: ‘టు ద లైట్‌హౌస్’ చదివిన ఏడాది

ఒడిశాలోని మన బరంపురం తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, పిల్లలకు ఆదివారం అక్షరాల తరగతి ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు, జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. జయంతికి పర్లాకిమిడి నుంచి వచ్చేవారికి బస్సు చార్జీలు ఇవ్వాలన్న తీర్మానం ఈసారైనా అమలు కావాలని కార్యదర్శిగా నా మనవి. ఇక ఈ నివేదికలో ఎక్కువ చోటు పఠన విభాగానికే ఇస్తున్నాను. ఏడాది పొడవునా బరంపురంలో మనవాళ్ళు గొంతు చించుకున్నది దాని గురించే.

చదివిన పుస్తకం ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1927లో ప్రచురించిన ‘టు ద లైట్‌హౌస్’. చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే మనసులో తలపులు సాగిన వరసలోనే, రాసిన నవల. కథ చెప్పమంటే నిమిషంలో అయిపోతుంది. స్కాట్లాండ్ పక్కన ఒక దీవిలో రామ్సే దంపతులు ఎనిమిది మంది పిల్లలతో, అతిథులతో వేసవి గడుపుతుంటారు. ఆరేళ్ళ జేమ్స్‌కు మరునాడు పడవలో దీపస్తంభానికి వెళ్ళాలని ఆశ. పదేళ్ళ తర్వాత గాని వెళ్ళడు. మిగతాదంతా మనుషుల తలపుల్లో నడుస్తుంది.

మన సభ్యుల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 1936లో మన గంజాం జిల్లా ఒడిశాలో కలిసిన తర్వాత పుట్టిన తరాల్లో తెలుగు మాట్లాడగలిగి చదవలేనివారు ఎందరో ఉన్నారు. అందుకే ఇద్దరు సభ్యులు వారం వారం ఇంగ్లీషు మూలం నుంచి కొంత భాగం తెలుగులో రాసుకొచ్చారు, ఒకరు పైకి చదివారు, మిగిలినవాళ్ళం విన్నాం. సారాంశం కాగితాలు పంచుదామన్న సూచనకు కమిటీ ఒప్పుకోలేదు. మంచిదే అయింది. ఈ నవలలో ఒక్క పేరాలోనే ఒకరి ఆలోచన ఇంకొకరి ఆలోచనలోకి జారిపోతుంది. కాగితం మీద చదివేవారు ‘ఇది ఎవరు అనుకుంటున్నారు?’ అని ఆగి వెనక్కి వెళ్తారు. చెవితో విన్నవారికి ఆ చిక్కు తక్కువ. చదివే మనిషి గొంతు మారితే మనసు మారిందని తెలిసిపోతుంది.

పెద్ద గొడవ మొదటి పేజీలోనే వచ్చింది. ‘రేపు బాగుంటే తప్పకుండా వెళ్దాం’ అని తల్లి అంటుంది. ‘బాగుండదు’ అని తండ్రి తేల్చేస్తాడు. చేతికి గొడ్డలి దొరికితే తండ్రిని అక్కడే పొడిచేసేవాణ్ణని పిల్లవాడు అనుకుంటాడు. పసివాడి నోట ఇలాంటి మాటలేమిటని కొందరు నొచ్చుకున్నారు. నోట కాదు, మనసులో, అని మరికొందరు. అప్పటిదాకా పెదవి విప్పని గోపాల్‌పూర్ సభ్యుడొకరు, సముద్రం మీద బతికిన కుటుంబం ఆయనది, తండ్రి పక్షాన నిలబడ్డారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను తీరం దాటింది ఆయన ఊరి దగ్గరే. ‘సముద్రం పిల్లల ముఖం చూసి ఊరుకోదు’ అన్నారు. కాసేపాగి, ‘బాగుంటే అని ఆమె కూడా అంది కదా! చెప్పింది ఇద్దరూ ఒకటే. ఆయన మాటలో సందు లేదు, అంతే’ అని కూర్చున్నారు. ఏడాది మొత్తంలో నాకు నచ్చిన వ్యాఖ్యానం అది.

విందు ఘట్టం రెండు వారాలు సాగింది. వృద్ధ కవి కార్మైకేల్ ఇంకో పళ్ళెం సూప్ అడుగుతాడు. తను తినడం ముగించాక మరొకరు మళ్ళీ మొదలుపెడితే రామ్సే భరించలేడు. బల్లకు ఆ చివర ఆయన మండిపడుతుంటే, ఈ చివర నుంచి భార్య చూపుతోనే వారిస్తుంది. ఒక్క మాట లేదు. అడిగినవాడు మాత్రం హాయిగా తింటాడు. ‘మా మామగారు!’ అని ఒకావిడ అనేసి నాలుక కరుచుకున్నారు. మామగారు ఆ వరసలోనే కూర్చుని ఉన్నారు. పూలమొక్కల గాజుగది కప్పు బాగుచేయించడానికి యాభై పౌండ్లు అవుతుందన్న సంగతి రామ్సే భార్య భర్తకు చెప్పలేక దిగమింగుకోవడం దగ్గర నవ్వులు ఆగాయి. అలాంటి బిల్లు దాచని ఇల్లు ఉందా అని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు.

రెండో భాగంలో పదేళ్ళు గడిచిపోతాయి. ఇల్లు పాడుబడుతుంది. ఇంటి ఇల్లాలు చనిపోయిన వార్త బ్రాకెట్లలో ఒకే వాక్యంగా వస్తుంది. కూతురు కాన్పు తర్వాత పోవడం, కొడుకు ఫ్రాన్సులో యుద్ధంలో పోవడం కూడా అంతే. ‘అంత సంసారం ఈదిన మనిషికి ఒక్క వాక్యమా?’ అని పెద్దవాళ్ళు కోప్పడ్డారు. రచయిత్రికి గుండె లేదని ఒకరు తేల్చేశారు. ఈ జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు వెళ్ళినవారి కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. అందులో ఒక తల్లి, ‘వాళ్ళ నాన్న పోయిన సంగతి మావాడికి షిఫ్టు మధ్యలో ఫోనులో తెలిసింది. ఒక్క వాక్యమే’ అన్నారు. ఆ తర్వాత ఎవరూ రచయిత్రిని తిట్టలేదు.

వుల్ఫ్ తల్లి 1895లో, కూతురికి పదమూడేళ్ళప్పుడు పోయింది. అంతకుముందు ఆ కుటుంబం వేసవులు గడిపింది కార్న్‌వాల్‌లో, గాడ్రెవీ దీపస్తంభం కనిపించే సెయింట్ ఐవ్స్‌లో. నవల రాగానే అక్క వెనెస్సా, అమ్మ మళ్ళీ లేచి వచ్చినట్టుందని చెల్లెలికి ఉత్తరం రాసింది. ఈ సంగతులు ముందే చెప్పి ఉంటే వాదన పదును తగ్గేదని నా అభిప్రాయం. చివర్లోనే చెప్పాం.

మధ్యలో మానేసినవారూ ఉన్నారు. కథ లేదన్న వారి ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. చిత్రకారిణి లిలీ భాగాలు నాకూ సాగదీసినట్టే అనిపించాయి. గోపాల్‌పూర్ దీపస్తంభం చూడటానికి అందరం వెళ్ళిన యాత్ర వల్ల నవల గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు. చేపల పులుసు బాగుంది.

వచ్చే ఏడాదికి రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ తీసుకోవాలని ఎక్కువమంది కోరారు. తెలుగులోనే ఉంది కనుక రాసుకొచ్చే శ్రమ తప్పుతుంది. పైకి చదవగల గొంతులు మాత్రం ఇంకో ముగ్గురివి కావాలి. పేర్లు ఉగాది లోపు ఇవ్వండి. గ్రంథాలయం పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళినవారు అవి కూడా వెంట తెస్తే సంతోషం.

— కార్యదర్శి