స్టోర్‌ని పీడబ్ల్యూఏ చేసేవాళ్లకి ఒక మాట
అందరికీ నమస్తే. ఆన్‌లైన్ స్టోర్‌ని పీడబ్ల్యూఏ (ఫోన్లో యాప్‌లా పెట్టుకోగలిగే వెబ్‌సైట్) చేయాలంటే మొత్తం మళ్లీ కట్టక్కర్లేదు. సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో ఉండాలి. ఒక మానిఫెస్ట్ ఫైలు (యాప్ పేరు, ఐకాన్ల లాంటి వివరాలుండేది), 192, 512 పిక్సెళ్ల ఐకాన్లు పెట్టాలి. అది ఒక పూట పని. అసలు తలనొప్పంతా సర్వీస్ వర్కర్‌తోనే, అంటే వెనకాల నడుస్తూ ఏది కాష్ నుంచి, ఏది నెట్‌వర్క్ నుంచి తేవాలో చూసుకునే స్క్రిప్ట్‌తో.

ఫొటోలు, సీఎస్ఎస్ (పేజీ రూపురేఖల ఫైళ్లు) కాష్‌లో, అంటే ఫోన్లోనే కాపీగా దాచి పెట్టుకోండి. ధర, స్టాకు, కార్ట్, పేమెంట్ జోలికి మాత్రం పోకండి. నేను మొదట్లో అన్నీ కలిపి కాష్ చేసేశాను. ధర మార్చినా కస్టమర్ ఫోన్లో పాతదే కనిపించింది, ఆర్డర్ నొక్కాక ఇంకోటి! ధరని ఎప్పుడూ నెట్‌వర్క్ నుంచే తెచ్చేలా మార్చి, పాత కాష్‌లు తీసేయిస్తే గానీ కుదుటపడలేదు.

ఐఫోన్‌లో పుష్ నోటిఫికేషన్లు ఐఓఎస్ 16.4 నుంచే, అదీ హోమ్ స్క్రీన్‌కి యాడ్ చేసుకున్నవాళ్లకే. యాడ్ చేసుకోమని సఫారీ తనంతట అడగదు, మనమే ఓ చిన్న బ్యానర్‌తో చెప్పుకోవాలి.